వెన్న కరిగిందా? కరిగించారా? – ఓట్‌మీల్ కుకీలతో ఒక తెలుగు పాఠం



మన బడి పిల్లలకు నామవాచకాలు త్వరగా వస్తాయి. ఇడ్లీ, పులిహోర, గోంగూర, జంతికలు... ఎవరిని అడిగినా గడగడా చెప్పేస్తారు. చిక్కంతా క్రియల దగ్గరే! మూడేళ్ళుగా బడికి వస్తున్న పిల్లలు కూడా "నేను వెన్న కరిగాను" అంటారు. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. వెన్న తనంతట తాను కరిగినా, మనం కరిగించినా ఇంగ్లీషులో ఒకటే మాట, మెల్ట్. తెలుగులో అలా కుదరదు. "నేను కరిగాను" అంటే కరిగింది వెన్న కాదు, మనమే!

ఇది చిన్న వ్యాకరణ విషయంలా కనిపిస్తుంది. కాని వారానికోసారి ఇండియాకు ఫోను చేసినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. "ఇవాళ ఏం చేశావురా కన్నా?" అని అమ్మమ్మ అడుగుతుంది. "బాగున్నాను" వరకు తెలుగులో వస్తుంది. ఆ పైన కబురు చెప్పాలంటే క్రియ కావాలి. అది దొరక్క పిల్లవాడు ఫోను అమ్మ చేతికి ఇచ్చేస్తాడు. చెప్పాల్సింది బోలెడుంది, వినడానికి అమ్మమ్మ సిద్ధంగానే ఉంది. మధ్యలో ఒక్క క్రియ అడ్డం!

మన ఇళ్ళలో పిల్లలకు వినిపించేది కూడా "మిక్స్ చెయ్యి, మెల్ట్ చెయ్యి, కట్ చెయ్యి" అనే కదా. అలా వింటే వాళ్ళకు వచ్చే తెలుగు క్రియ ఒక్కటే, "చెయ్యి". క్రియలు నోటుబుక్కులో కన్నా చేతి పనిలో తొందరగా పట్టుబడతాయి. అందుకే ఈ పాఠం వంటింట్లో పెట్టుకుందాం. కుకీలే ఎందుకంటారా? మరిగే నూనె లేదు కాబట్టి ఓవెన్ దగ్గర తప్ప మిగతా పనులన్నీ పిల్లలే చేయవచ్చు. వాళ్ళకు ఇష్టమైన తిండి. పైగా అందులో పడే సుగంధ ద్రవ్యాలన్నీ మన పోపుల డబ్బా పక్కన ఉండేవే.

కుకీకీ మచిలీపట్నానికీ చుట్టరికం

"కుకీ" డచ్చివారి మాట. వాళ్ళ భాషలో "చిన్న కేకు" అని అర్థం. నేటి న్యూయార్క్ ఒకప్పుడు డచ్చివారి వలస, పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. అక్కడ స్థిరపడ్డ వాళ్ళ నోటి నుంచే ఈ మాట అమెరికా ఇంగ్లీషులోకి వచ్చింది.

ఇక కుకీలో వేసే జాజికాయ సంగతి. ఒకప్పుడు ప్రపంచం మొత్తానికీ జాజికాయ వచ్చేది నేటి ఇండోనేషియాలోని బాండా దీవుల నుంచే. దాని కోసం డచ్చివారు, ఇంగ్లీషువారు యుద్ధాలే చేశారు. 1664లో ఇంగ్లీషువారు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను పట్టుకున్నారు. 1667లో బ్రెడా ఒడంబడిక జరిగినప్పుడు మన్‌హాటన్ ఇంగ్లీషువారికి ఉండిపోయింది, బాండా దీవుల్లోని రన్ అనే చిన్న జాజికాయల దీవి డచ్చివారికి దక్కింది. ఆనాటి లెక్కలో డచ్చివారికి అది నష్టపు బేరంగా కనిపించలేదు!

ఇందులో మనవాళ్ళ చేయి కూడా ఉంది. ఆ దీవుల్లో మన తీరపు నూలు బట్టలకు మంచి గిరాకీ. ఆ బట్టలిచ్చి సుగంధ ద్రవ్యాలు కొనవచ్చు. అందుకే డచ్చివారు 1605-06 నాటికే గోల్కొండ రాజ్యంలోని మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో వర్తకం మొదలుపెట్టారు. తెలుగు నేతగాళ్ళు నేసిన బట్టలు ఓడలెక్కి వెళ్ళాయి, జాజికాయ, జాపత్రి, లవంగాలు ఓడలెక్కి వచ్చాయి. కాబట్టి పిల్లలూ, మీరు జాజికాయ చేతిలోకి తీసుకున్నప్పుడు అది మనకు కొత్త చుట్టం కాదని గుర్తుంచుకోండి.

ఓట్స్ మాత్రం మన పొలాల పంట కాదు. అందుకే వాడుక తెలుగులో దానికి పేరు లేదు. యవలు అంటే బార్లీ, అది వేరు. ఓట్స్‌ను ఓట్స్ అనే అందాం.

కొలతలు

ఇక్కడి వంటల్లో కప్పును అంచుకు సమంగా కొలవాలని పట్టుబట్టినావిడ ఫ్యానీ ఫార్మర్. బోస్టన్ వంటల బడి నుంచి 1896లో వచ్చిన ఆమె పుస్తకంలో ఓట్‌మీల్ కుకీలు కూడా ఉన్నాయి. మనకూ కొలతలు తక్కువేం కాదు. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. తాతయ్యను అడిగితే ఇంట్లో ఉన్న సోల ఏ అటక మీద ఉందో చెబుతారు.

పాత్ర లేకపోతే చెయ్యే కొలత. రెండు వేళ్ళ మధ్య పట్టేది చిటికెడు. పిడికిట్లో పట్టేది పిడికెడు. ఒక అరచేతిలో పట్టేది చారెడు. రెండు చేతులూ కలిపితే దోసెడు. చివర ఉన్న "ఎడు" చూశారా? దాన్ని దేనికైనా తగిలించవచ్చు: గరిటెడు, గిన్నెడు, బుట్టెడు. భిన్నాలు కూడా నేర్చుకోండి: పావు, అర, ముప్పావు, ఒకటిన్నర.

కావలసినవి (సుమారు 18 కుకీలకు)

వెన్న – ఒక కడ్డీ, అంటే అర కప్పు (ఉప్పు లేనిది)
బ్రౌన్ షుగర్ – ముప్పావు కప్పు (అదిమి కొలవాలి)
గుడ్డు – 1
వనిల్లా – అర టీస్పూను
మైదా – ముప్పావు కప్పు
వంట సోడా – అర టీస్పూను
ఉప్పు – పావు టీస్పూను
దాల్చినచెక్క పొడి – ఒక టీస్పూను
శొంఠి పొడి – అర టీస్పూను
ఏలకుల పొడి – పావు టీస్పూను
జాజికాయ తురుము, లవంగాల పొడి – చెరొక చిటికెడు
ఓట్స్ – ఒకటిన్నర కప్పులు
కిస్‌మిస్ – అర కప్పు

గుడ్డు తినని వారు ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి వాడుకోవచ్చు. ఓట్స్ డబ్బా మీద "ఓల్డ్ ఫ్యాషన్డ్" అని ఉన్నవి కొనండి. నిమిషంలో ఉడికే ఇన్‌స్టంట్ రకం ముద్దయిపోతుంది, స్టీల్ కట్ రకం ఇంత కొద్దిసేపట్లో మెత్తబడదు.

చేసే విధానం

ఒక్కో మెట్టునూ పిల్లలు పైకి చదవాలి, చేయాలి, చేశాక "చేశాను" అని చెప్పాలి.

1. వెన్నను ముందుగానే ఫ్రిజ్ నుంచి తీసి బయట పెట్టండి. వేలితో నొక్కితే గుంట పడాలి, కాని కరగకూడదు. (వెన్న మెత్తబడింది.)

2. ఏలకులు, లవంగాలు విడివిడిగా చిన్న రోట్లో దంచండి. జాజికాయను సన్నటి తురుము పీట మీద తురమండి. ఇంగ్లీషులో "గ్రైండ్" అని సరిపెట్టే చోట తెలుగులో ఎన్ని మాటలో చూడండి! రోకలితో అయితే దంచుతాం. పచ్చడి నూరుతాం. ఇడ్లీ పిండి రుబ్బుతాం. తిరగలిలో విసురుతాం.

3. మైదా, సోడా, ఉప్పు, పొడులన్నీ కలిపి జల్లించండి. (నేను పిండి జల్లించాను.)

4. వేరే గిన్నెలో వెన్న, బ్రౌన్ షుగర్ వేసి రెండు మూడు నిమిషాలు బాగా గిలక్కొట్టండి. గుడ్డు పగలగొట్టి వేయండి, వనిల్లా పోయండి, మళ్ళీ గిలక్కొట్టండి. (గుడ్డు పగలగొట్టాను. కింద పడితే మాత్రం: గుడ్డు పగిలింది!)

5. పిండి కొంచెం కొంచెంగా వేసి కలపండి. చివర ఓట్స్, కిస్‌మిస్ వేయండి. ఎక్కువసేపు కలిపితే కుకీలు గట్టిపడతాయి.

6. గిన్నె మీద మూత పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. వెన్న బిగుసుకుంటుంది, ఓట్స్ తడి పీల్చుకుంటాయి. కాబట్టి ఓవెన్‌లో కుకీలు పల్చగా పరుచుకుపోవు.

7. పెద్దవాళ్ళు ఓవెన్‌ను 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడి చేయండి. పిల్లలు పిండిని నిమ్మకాయంత ఉండలు చేసి, పళ్ళెంలో కాగితం పరిచి, రెండంగుళాల ఎడంతో పేర్చండి. అరచేత్తో కొద్దిగా అదమండి. పచ్చి పిండి మాత్రం రుచి చూడకండి. గుడ్డే కాదు, పచ్చి మైదా కూడా కడుపుకు చేటు చేయవచ్చు.

8. 10 నుంచి 12 నిమిషాలు కాల్చండి. అంచులు బంగారు రంగుకు వచ్చి, నడిమి భాగం ఇంకా మెత్తగా ఉండగానే తీసేయాలి. వేడి పళ్ళెం మీద అవి ఇంకాస్త కాలుతాయి. అయిదు నిమిషాలు ఆగి, జాలీ మీదకు మార్చి చల్లార్చండి.

"బేక్" అనడానికి "కాల్చు" సరిపోతుందా అని కొందరు అడుగుతారు. రొట్టెలు కాలుస్తాం కదా, కుకీలూ కాలుద్దాం. "బేక్ చేశాను" అన్నా కొంపలు మునగవు, మిగతా పది క్రియలు తెలుగులో వస్తే చాలు.

బ్రౌన్ షుగర్ బదులు మెత్తగా పొడి చేసిన బెల్లం కూడా బాగుంటుంది. రెండింటిలోనూ చెరకు మడ్డి ఉంటుంది. ఆ మడ్డిలోని కొద్దిపాటి పులుపు తగిలితే వంట సోడా నుంచి గాలి బుడగలు పుడతాయి, కుకీ గుల్లగా వస్తుంది.

అసలు పాఠం: దానంతట అదా? మనం చేశామా?

ఎడమవైపు దానంతట అది జరిగేది, కుడివైపు మనం చేసేది.

కరిగింది – కరిగించాను
ఉడికింది – ఉడికించాను
కాలింది – కాల్చాను
చల్లారింది – చల్లార్చాను
మిగిలింది – మిగిల్చాను
కలిసింది – కలిపాను
నలిగింది – నలిపాను
నానింది – నానబెట్టాను
పగిలింది – పగలగొట్టాను

జాగ్రత్తగా చూస్తే నాలుగు దారులు కనిపిస్తాయి. కొన్నిటికి "ఇంచు" చేరుతుంది, కొన్నిటికి "చు", కొన్నిటికి "పు". మిగిలిన వాటికి "పెట్టు", "కొట్టు" లాంటి ఇంకో క్రియ తోడొస్తుంది. ఏ మాటకు ఏ దారో చెప్పే సూత్రాన్ని బట్టీ పట్టనక్కర్లేదు. నాలుగుసార్లు వండితే నోటికి అదే వస్తుంది.

ఈ తేడా ఎంత పనికొస్తుందో చూడండి. కుకీలు నల్లబడ్డాయి అనుకుందాం. "కుకీలు మాడాయి" అంటే ఎవరి మీదా నింద లేదు, ఓవెన్‌దే పాపం. "అన్నయ్య కుకీలు మాడ్చాడు" అంటే అన్నయ్యకు మూడిందన్నమాట! ఒక్క అక్షరంలో బాధ్యత ఎవరిదో చెప్పేస్తుంది మన భాష.

ఇంకో రెండు సంగతులు. కాలాలు మూడూ ఒక్క గిన్నె దగ్గరే నేర్చుకోవచ్చు. మొదలుపెట్టే ముందు "కలుపుతాను", గరిటె తిప్పుతూ "కలుపుతున్నాను", అయిపోయాక "కలిపాను". అలాగే అమ్మ పిల్లలతో "కలుపు" అంటుంది, పిల్లలు అమ్మమ్మతో "కలపండి" అనాలి. ఒకసారి పిల్లలే మేస్త్రీలై నాన్నతో పని చేయించండి: "నాన్నగారూ, పిండి జల్లించండి! గిన్నెలు కడగండి!" ఈ పాఠం వాళ్ళకు చాలా నచ్చుతుంది.

అభ్యాసం

సరైన మాటతో ఖాళీలు పూరించండి.
1. ఎండలో పెట్టిన చాక్లెట్ ______. (కరిగింది / కరిగించింది)
2. నేను కుకీలను జాలీ మీద ______. (చల్లారాను / చల్లార్చాను)
3. చెల్లి కోసం రెండు కుకీలు ______. (మిగిలాను / మిగిల్చాను)
4. నాన్న శనగలు రాత్రే ______. (నానారు / నానబెట్టారు)
5. గ్లాసు చేయి జారి ______. (పగిలింది / పగలగొట్టింది)

జవాబులు: కరిగింది, చల్లార్చాను, మిగిల్చాను, నానబెట్టారు, పగిలింది.

ఇంటి పని

కుకీలు చేసిన రోజునే అమ్మమ్మకో, నాయనమ్మకో, తాతయ్యకో ఫోను చేయండి. కనీసం అయిదు వాక్యాలు, ప్రతి వాక్యంలో ఒక కొత్త క్రియ ఉండాలి. తల్లిదండ్రులకు ఒక మనవి: మాట తడబడినా మధ్యలో అందుకోకండి, ఫోను తీసుకోకండి. పదం గుర్తు రాకపోతే పిల్లలే "అమ్మమ్మా, దీన్ని ఏమంటారు?" అని అడగాలి. ఆ ప్రశ్న అడగడం వచ్చిన పిల్లలకు తెలుగు మాస్టారు ఫోనులోనే ఉన్నట్టు.

వాళ్ళు మీకు తిరిగి ఏదో ఒకటి చెబుతారు. అరిసెల పాకం ఎలా పట్టాలో, ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ఎంతసేపు ముంచాలో. అందులో మీకు తెలియని క్రియ ఒకటైనా ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి తరగతికి తీసుకురండి, బోర్డు మీద అందరం రాసుకుందాం. కుకీలు మిగిలితే అవి కూడా తెండి. మిగలకపోతే ఎవరు మిగల్చలేదో తెలుగులో చెప్పండి!