క్షమాగుణము - కూరేశులు కోరిన వరము

క్షేత్రమునకు వచ్చిన భక్తుడు స్వామి సన్నిధిని నిలిచి మొట్టమొదట వేడునది అపరాధక్షమ. తెలిసి చేసినవి, తెలియక చేసినవి మన్నింపుమని ప్రార్థించును. ఇల్లు చేరిన పిదప ఆ నోటితోనే తోబుట్టువును గూర్చి, "వాని ముఖము చూడను" అని పలుకును. ఈ రెండు మాటలును ఒక్క హృదయమున ఎట్లు ఇముడగలవు?

సంస్కృతమున 'క్షమ' యను పదమునకు ఓర్పు అనియు, భూమి అనియు రెండర్థములు గలవు. తన్ను దున్నినవానికే పైరు నిచ్చుట భూమి స్వభావము. అయితే క్షమ యనగా జరిగిన తప్పును తప్పు కాదనుట కాదు. తప్పును తప్పుగా నెరిగియే, చేసినవానిపై పగ విడుచుట.

శ్రీభగవద్రామానుజుల ప్రియశిష్యులగు కూరత్తాళ్వానులు ఆచార్యరక్షణార్థమై వారి కాషాయమును తాము ధరించి చోళరాజసభకు వెళ్లిరి. అచట తమ సిద్ధాంతమునకు విరుద్ధమైన వాక్యమునకు చేవ్రాలు చేయ నిరాకరించి, నేత్రములను కోల్పోయిరి. ఈ యాపదకు కారకుడైన నాలూరాను కూరేశుల శిష్యుడేయని గురుపరంపర చెప్పుచున్నది. కాలాంతరమున ఆచార్యుల ఆజ్ఞపై కూరేశులు కాంచీపురమున శ్రీవరదరాజస్వామిని స్తుతించిరి. కన్నులను కోరుకొనవలెనని ఆచార్యుల ఆశయము. స్వామి ప్రసన్నుడు కాగా కూరేశులు కన్నులడుగలేదు. తాము పొందు సద్గతినే నాలూరానును పొందవలెనని వేడిరి. లోపల పగ మిగిలియున్నచో ఈ కోరిక వెలువడునా? కన్నులు పోయినవి గాని, చిత్తమున గాయము నిలువలేదు.

ఆ మహనీయుని కుమారులే శ్రీపరాశరభట్టరు. వారు శ్రీగుణరత్నకోశమున సీతమ్మ క్షమను కొనియాడిరి. శరణన్న విభీషణుని, కాకాసురుని శ్రీరాముడు కాచెను. సీతమ్మయో, అశోకవనమున తన్ను బాధించిన రాక్షసస్త్రీలను నిర్హేతుకముగనే హనుమంతుని కోపమునుండి కాపాడెను. వారు రాజాజ్ఞకు లోబడిన దాసీలని ఆమె చెప్పిన సమాధానము. తండ్రి జీవితమున చూచినదే తనయుని స్తోత్రమున పలికినదని నాకు తోచును.

క్షమ చెడుకు లొంగుట కాదు. కూరేశులు చేవ్రాలు చేయలేదు. సీతమ్మ రావణునకు తలయొగ్గలేదు. హాని చేయువానికి దూరముగా నుండవచ్చును, న్యాయము కోరవచ్చును. పగను పెంచుకొనుట మాత్రము తగదు.

నా అనుభవమొకటి చెప్పక తప్పదు. ఆస్తి పంపకముల నాడు దొరలిన ఒక్క మాటకై మా అన్నగారి గడప పదునొకండేండ్లు త్రొక్కనైతిని. ఆ యేండ్లన్నియు ఈ స్తోత్రములనే శిష్యులకు పాఠము చెప్పుచుంటిని. తుదకు వెళ్లునప్పటికి ఆయనకు నన్ను గుర్తించు శక్తి లేదు. మన్నించితినని చెప్పుటకుగాని, మన్నింపుమని అడుగుటకుగాని వీలు లేకపోయెను.

కావున గృహస్థులకు నా మనవి యిది. నిత్యారాధనము ముగిసిన పిదప, మనసు నొప్పించినవారి పేరు తలచి, వారి మేలు కోరి ఒక్క నమస్కారము చేయుడు. తొలుత ఆ మాట పెదవి దాటి లోనికి దిగదు. అయినను మానవలదు. తలచినంతనే మండు మనసు దినదినమును చల్లబడును. ఇక ఈ యాత్రనుండి మరలునప్పుడు, తెచ్చిన ప్రసాదములో ఒక పాలు మాటలు లేని ఆ యింటికి మీరే స్వయముగా కొనిపోవుడు.