పసిప్రాయంలో పోటీ క్రీడ

పాఠ్యాంశ ఉద్దేశం
క్రీడలు ఆరోగ్యాన్ని, ఆత్మవిశ్వాసాన్ని ఇస్తాయి. పసిపిల్లలను పోటీ క్రీడలో ప్రవేశపెట్టేటప్పుడు మాత్రం వారి శరీరం, మనసు, చదువు, ఇష్టం అన్నింటినీ పరిశీలించవలసి ఉంటుంది. జిమ్నాస్టిక్స్‌ను ఉదాహరణగా తీసుకొని ఆ వివేచనను విద్యార్థులకు కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం
"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది తెలుగునాట తరతరాలుగా వినిపించే సామెత. చదువుకు, సంగీతానికి, నడవడికి అన్వయించే ఈ మాట జిమ్నాస్టిక్స్ విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. వెన్నును విల్లులా వంచడం, గాలిలో పల్టీలు కొట్టడం, అరచేతులపై దేహభారాన్ని నిలపడం లేత వయసులో అలవడినంత సులువుగా పెద్దయ్యాక అలవడవు. అందువల్లనే ఈ క్రీడలో పిల్లలు ఐదారేళ్లకే అడుగు పెడతారు. అయితే మొక్కను వంచేవారికి అది ఎంతవరకు వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. ఆటగా నేర్చుకుంటున్న బిడ్డను పోటీ బరిలోకి దింపాలా వద్దా అన్న ప్రశ్న తల్లిదండ్రులకు ఇందుకే కష్టమైనది. శ్రమించవలసిన శరీరం బిడ్డది, నిర్ణయం పెద్దలది.

ఆట వేరు – పోటీ వేరు
కళాత్మక జిమ్నాస్టిక్స్‌లో స్త్రీలకు వాల్ట్, ఎగుడుదిగుడు కడ్డీలు, బ్యాలెన్స్ బీమ్, నేలపై విన్యాసాలు అనే నాలుగు అంశాలు ఉంటాయి. పురుషులకు ఆరు అంశాలు. బ్యాలెన్స్ బీమ్ పొడవు 5 మీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు. జానెడు వెడల్పైనా లేని ఆ దూలంపై, నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తున, పల్టీ కొట్టి తిరిగి నిలబడాలి.

వారానికి రెండు మూడు గంటలు సరదాగా నేర్చుకునే బిడ్డకు ఈ క్రీడ బలాన్ని, సమతుల్యాన్ని, ధైర్యాన్ని ఇస్తుంది. పోటీ శిక్షణ మొదలైతే సాధన రోజులు, గంటలు పెరుగుతాయి. ఒకే విన్యాసాన్ని వందలసార్లు చేయవలసి వస్తుంది. 2006 నుంచి అమలులోకి వచ్చిన విధానంలో విన్యాసపు కాఠిన్యానికి, దాని నిర్వహణకు వేరువేరుగా మార్కులు లెక్కిస్తారు. కాబట్టి మరింత కఠినమైనది చేయాలన్న ఒత్తిడి ఈ క్రీడాస్వరూపంలోనే ఇమిడి ఉన్నది.

చరిత్ర చెప్పే పాఠం
1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రుమేనియాకు చెందిన పద్నాలుగేళ్ల నాడియా కొమనెచి పదికి పది మార్కులు సాధించింది. అంతటి మార్కును చూపే ఏర్పాటు లేక ఫలకంపై 1.00 అని కనిపించింది. ఆ విజయం ప్రపంచాన్ని ముగ్ధం చేసింది. బాలికలే ఈ క్రీడకు తగినవారన్న భావనకూ బలం చేకూర్చింది.

ఆ భావనలోని ప్రమాదం త్వరలోనే బయటపడింది. సోవియట్ క్రీడాకారిణి యెలెనా ముఖినా 1978లో ప్రపంచ విజేత. 1979లో ఆమె కాలు విరిగింది. పూర్తిగా కోలుకోకముందే మళ్లీ కఠోర సాధన మొదలైంది. 1980 జూలైలో, మాస్కో ఒలింపిక్స్‌కు కొద్దిరోజుల ముందు, ఒక ప్రమాదకరమైన పల్టీ సాధన చేస్తూ మెడ విరిగి ఆమె దేహం చచ్చుబడిపోయింది. 2006లో మరణించేవరకు ఆమె లేచి నడవలేదు. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య స్త్రీల సీనియర్ పోటీలకు కనీస వయసును 1981లో 14 నుంచి 15కు, 1997లో 16కు పెంచింది.

చిన్ననాటే శిఖరాన్ని అందుకోకపోతే ఇక అవకాశం లేదన్న భయం నిరాధారమని తరువాతి కాలం నిరూపించింది. త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ ఆరేళ్ల వయసులో సాధన ప్రారంభించింది. చదునైన పాదాలు ఆమెకు పెద్ద అవరోధం. శిక్షకుడు బిశ్వేశ్వర్ నంది ఓర్పుతో తీర్చిదిద్దగా, 2016 రియో ఒలింపిక్స్ నాటికి ఆమె వయసు 23 ఏళ్లు. వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచి, కేవలం 0.15 మార్కుల తేడాతో కాంస్యాన్ని కోల్పోయింది. మొదట కరాటే నేర్చి తరువాత జిమ్నాస్టిక్స్‌కు మారిన హైదరాబాదు క్రీడాకారిణి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఆమెకు 22 ఏళ్లు. అమెరికాకు చెందిన సిమోన్ బైల్స్ 2021లో టోక్యోలో, గాలిలో తన దేహస్థితిని గుర్తించలేకపోతున్నానని గ్రహించి జట్టు పోటీ మధ్యలో విరమించుకున్నది. ఆమెయే 2024లో పారిస్‌లో, 27 ఏళ్ల వయసులో, మూడు స్వర్ణాలు గెలిచింది. ఆగడం ఓడిపోవడం కాదని ఆమె ఉదంతం తెలుపుతుంది.

ఎదిగే శరీరం
పిల్లల ఎముకల చివరలలో మృదువైన ఎదుగుదల భాగాలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. చేతులపై బరువు మోపే విన్యాసాలు పదేపదే చేస్తే మణికట్టులోని ఆ భాగాలు దెబ్బతినవచ్చు. వెన్నును అతిగా వెనుకకు వంచడం వల్ల నడుము ఎముకలలో సన్నని చీలికలు రావచ్చు. నొప్పి అన్నది శరీరం పంపే హెచ్చరిక. ఓర్చుకోవడమే వీరత్వమని బిడ్డకు నేర్పితే ఆ హెచ్చరిక వినేవారు ఉండరు. వారానికి కనీసం ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తం మీద మూడు నెలలు, నెల చొప్పున, ఆ క్రీడ నుంచి విరామం ఇవ్వాలని అమెరికా బాలవైద్యుల సంస్థ సూచించింది. సన్నగా ఉండాలని తిండి తగ్గించడం మరింత హానికరం. ఎదిగే వయసులో ఆహారం చాలకపోతే ఎముకలు బలహీనపడతాయి. ఆడపిల్లలలో రుతుక్రమం దెబ్బతింటుంది.

శిక్షకుని ఎంపిక
మంచి శిక్షణాలయంలో మెత్తని పరుపులు, స్పాంజి ముక్కలు నింపిన గుంతలు, ప్రథమ చికిత్స ఏర్పాట్లు ఉంటాయి. వీటికన్నా ముఖ్యమైనది శిక్షకుని ప్రవర్తన. పడిన బిడ్డను అతడు ఎలా పలకరిస్తున్నాడు? తల్లిదండ్రులు సాధనను చూడడానికి అనుమతిస్తున్నాడా? భయపడిన బిడ్డకు వద్దనే హక్కు ఉన్నదా?

ఈ ప్రశ్నలు అనవసరమైన అనుమానాలు కావు. అమెరికా జాతీయ జట్టుకు పనిచేసిన ఒక వైద్యుడు చికిత్స పేరిట ఏళ్ల తరబడి బాలికలపై లైంగిక అత్యాచారాలకు పాల్పడ్డాడు. 2018 జనవరిలో 150 మందికి పైగా బాధితులు న్యాయస్థానంలో తమ గోడు వినిపించారు. బిడ్డల మాటను పెద్దలు నమ్మి ఉంటే అంతమంది బాధితులు అయ్యేవారు కారు. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇటువంటి నేరం తెలిసినవారు దానిని అధికారులకు తెలపడం తప్పనిసరి.

నిర్ణయానికి ముందు
శిక్షకుడు "మీ అమ్మాయిలో ప్రతిభ ఉన్నది, పోటీ బృందంలో చేర్పించండి" అన్నప్పుడు తల్లిదండ్రులకు సంతోషం కలగడం సహజం. ఆ సంతోషంలోనే అంగీకారం తెలపకుండా కొన్ని విషయాలు ఆలోచించాలి. సాధనకు వెళ్లే వేళ బిడ్డ తానే ముందుగా సిద్ధమవుతున్నదా, కడుపునొప్పి సాకు చెబుతున్నదా? నిద్రకు, చదువుకు, తోటిపిల్లలతో ఆడుకోవడానికి సమయం మిగులుతుందా? రాకపోకల భారం, ఖర్చు కుటుంబం భరించగలదా? ఒక బిడ్డ సాధన కోసం మరొక బిడ్డ అవసరాలు వెనుకబడుతున్నాయా?

సందేహం ఉన్నప్పుడు ఆరు నెలలు ప్రయత్నించి, ఆపై బిడ్డతో మాట్లాడి పునరాలోచించడం వివేకం. ముందుగానే గడువు పెట్టుకుంటే మానుకోవడం అవమానం కాదు. పెట్టిన ఖర్చు వృథా అవుతుందన్న బాధతో బిడ్డను బరిలో నిలపడం, పోయిన ధనానికి బాల్యాన్ని కూడా జతచేయడమే. తీరని తమ కోరికలను బిడ్డల ద్వారా తీర్చుకోవాలని చూడని పెద్దలే సరైన నిర్ణయం తీసుకోగలుగుతారు. పతకం రాకపోయినా ఆ ఏళ్లు బిడ్డకు మేలు చేశాయని చెప్పగలిగినప్పుడే పోటీ మార్గం సమంజసమైనది.

పదాలు – అర్థాలు
బరి = పోటీ జరిగే స్థలం
కాఠిన్యం = కష్టతరమైన స్వభావం
అవరోధం = అడ్డంకి
ఉదంతం = జరిగిన వృత్తాంతం
సమంజసం = తగినది

ప్రశ్నలు
1. ఆటగా నేర్చుకునే జిమ్నాస్టిక్స్‌కు, పోటీ శిక్షణకు గల భేదాన్ని వివరించండి.
2. యెలెనా ముఖినా, సిమోన్ బైల్స్ జీవిత ఘటనలను పోల్చి, వాటి నుంచి గ్రహించవలసిన విషయాలను రాయండి.
3. "మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను ఈ పాఠం ఎంతవరకు సమర్థిస్తున్నది? చర్చించండి.
4. ఏడేళ్ల చెల్లెలిని పోటీ బృందంలో చేర్పించే విషయమై తల్లిదండ్రులకు సలహా ఇస్తూ ఒక లేఖ రాయండి.