తోక రెక్కలు

బాణమునకు ములుకు ముందును, పింజ వెనుకను ఉండును. గురిని భేదించునది ములుకే. కాని దానిని గురివఱకు తిన్నగా గొనిపోవునది పింజ. పింజ ఊడిన బాణము వింటిని విడిచిన కొలదిదూరములోనే అడ్డము తిరిగి నేలగూలును. పడవకు చుక్కాని యుండుటయు వెనుకనే. వేగముగా పోవు వస్తువు నడకను దిద్దునది తోకయేయని విలుకాండ్రును, బెస్తలును శాస్త్రము చదువకయే యెఱింగిరి.

నెల్లూరునుండి చెన్నైకి పోవు రాజమార్గముమీద, చెన్నైకి సమీపమున, షోలవరము కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపుబాట యొకటి అచట మిగిలియుండగా, 1950 దశకమునుండి కొన్ని దశాబ్దములు దానిమీద కారుపందెములు జరిగినవి. పందెపుకారు మిక్కిలి వేగమందుకొన్నప్పుడు ఒక చిక్కు పుట్టును. కారు పైభాగము వంపుగా నుండుటచే దానిమీదుగా పోవు గాలికి వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. అందువలన వెనుకభాగము పైకి లాగబడి, వెనుక చక్రములకు నేలపై పట్టు సడలును. మలుపులో తోక ప్రక్కకు జాఱినచో చోదకుని ప్రాణమునకే ముప్పు. దీనికి విరుగుడుగా కారు వెనుక అంచున అడ్డముగా ఒక పలకను బిగింతురు. దానిని స్పాయిలరు అందురు. ఆ మాటకు చెఱచునది అని అర్థము. అది చెఱచునది కారును పైకెత్తు గాలివాలును మాత్రమే. జర్మనీదేశపు పోర్షే సంస్థ 1972లో వెలువరించిన 911 కరేరా ఆర్.ఎస్. కారునకు ఇట్టి పలక బాతుతోకవలె నుండెను. వేగము రెండింతలైనచో గాలిబలము నాలుగింతలగును. కావున స్పాయిలరు అతివేగముననే అక్కరకు వచ్చును. సంతవీధిలో మెల్లగా పోవు కారునకు దానిని తగిలించుట వట్టి అలంకారము.

కారు వేగముకంటె పెక్కురెట్లు వేగముగా పోవు రాకెట్టునకు ఈ చిక్కు ఇంకను పెద్దది. షోలవరమునకు ఉత్తరముగా నెల్లూరు తీరమున శ్రీహరికోట కలదు. పడమట పులికాటు సరస్సు, తూర్పున బంగాళాఖాతము. 2022 వఱకు నెల్లూరుజిల్లాలో నుండిన ఈ ద్వీపము ఆ యేట తిరుపతిజిల్లాలో చేరినది. 1971 అక్టోబరు 9వ తేదీన ఇచటనుండి మొదట పైకెగసినది రోహిణి-125 అను చిన్న రాకెట్టు. దాని తోకకు రెక్కలుండెను.

ఆ రెక్కల పని యెట్టిదనగా: రాకెట్టు బరువంతయు గరిమనాభి యను ఒక బిందువున నున్నట్లు భావింపవచ్చును. ప్రక్కనుండి తాకు గాలిబలమంతయు మఱియొక బిందువున పనిచేయుచున్నట్లు భావింపవచ్చును. ఈ రెండవ బిందువు మొదటిదానికి వెనుకగా నున్నచో, రాకెట్టు కొంచెము ఒరిగినను గాలియే తోకను నెట్టి దానిని మరల తిన్నగా నిలుపును. ముందున్నచో ఆ గాలియే దానిని తలక్రిందులు చేయును. రెక్కలు ఆ బిందువును వెనుకకు లాగుటకే. అయినను వాటియందొక దోషము కలదు. అడ్డగాలి వీచినప్పుడు తోక గాలివాటున పోయి, ముక్కు గాలికెదురుగా తిరుగును. అందుచే ఇట్టి చిన్న రాకెట్లను వదలుటకు ముందు బెలూన్లను ఎగురవేసి పైగాలుల పోకడ తెలిసికొని, దానికి తగినట్లు ప్రయోగపు కోణమును దిద్దుదురు.

తరువాత వచ్చినది ఎస్.ఎల్.వి-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, అంచెలు నాలుగు. మొదటి అంచె అడుగున నాలుగు రెక్కలు; వాటి కొనలు చుక్కానివలె కదలునట్లు చేసిరి. నేలను విడుచునప్పుడు వేగము స్వల్పము గనుక రెక్కలకు బలము చాలదు. అందుకై మంట వెడలు గొట్టములోనికి ప్రక్కనుండి ద్రవమును చిమ్మి మంటను కొంచెము వంచు ఉపాయమును కూడ పన్నిరి. మొదటి అంచె విడిపోవునాటికి గాలి మిక్కిలి పలుచన. అచట ఎంత పెద్ద రెక్కయైనను నిరుపయోగమే. కావున రెండవ అంచెకు చిన్న జెట్లను అమర్చిరి. వాటికి ద్రవము కావలెను.

ఆ ద్రవమే 1979 ఆగస్టు 10వ తేదీన కొంప ముంచినది. మొదటి అంచె చక్కగా పనిచేసినది. రెండవ అంచె అదుపుతప్పి సుడితిరిగినది. ఒక కవాటము సరిగా మూసికొనక నత్రికామ్లము ముందే కారిపోయినదని పిదప తేలినది. 317 సెకండ్లకు రాకెట్టు సముద్రమున పడినది. పలువురు ఏండ్లతరబడి పడిన శ్రమ అది. పథకమునకు నాయకుడు ఏ.పి.జె. అబ్దుల్ కలామ్. విలేఖరుల యెదుట వైఫల్యపుభారమును ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ తనమీద వేసికొనెను. 1980 జులై 18వ తేదీన అదే తీరమునుండి మరల వదలిన ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆనాడు విలేఖరులతో మాటలాడుటకు ధవన్ తన్ను పంపెనని కలామ్ పిమ్మట పలుమాఱులు చెప్పెను.

తరువాతి కాలపు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టునకు ఇట్టి తోకరెక్కలు లేవు. మంటను వంచుటయే దానికి చాలినది. కాని 2016 మే 23వ తేదీ ఉదయము శ్రీహరికోటనుండి బయలుదేరిన ఆర్.ఎల్.వి-టి.డి. అను రెక్కల వాహనమునకు వెనుక రెండు నిలువు తోకలుండెను. అది సుమారు 65 కిలోమీటర్ల యెత్తునకు పోయి, మరల దట్టమైన గాలిలోనికి దిగవలసి యుండెను. ధ్వనివేగమునకు దాదాపు అయిదురెట్ల వేగముతో దిగుచు, తోకలను, వెనుక మడతలను ఆడించుకొనుచు తన దారి తప్పక, శ్రీహరికోటకు సుమారు 450 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతమును చేరినది.