కదలని కారులో ప్రయాణం

పందెపు కారు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది. తెర మీద ఆ దృశ్యాన్ని చూస్తూ, చేతిలోని మీటలు నొక్కుతూ ఒక బాలుడు దానిని నడుపుతున్నాడు. మలుపులో కారు అదుపు తప్పి గోడకు గుద్దుకుంది. బాలుడు నవ్వి, ఆటను మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించాడు.

తెర మీది రోడ్డు నిజమైన రోడ్డులాగే ఉంది. చెట్లు, నీడలు, వాన చినుకులు అన్నీ అచ్చం నిజమైనవాటిలాగే ఉన్నాయి. అయినా ఆ బాలుడు కారు నడపడం నేర్చుకున్నాడని ఎవరూ అనరు. మరి ఆ ఆటకు ఏం చేరిస్తే అది నిజంగా కారు నడిపినట్లు ఉంటుంది? బొమ్మను ఇంకా అందంగా గీస్తే సరిపోతుందా? చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ముందు విమానాల కథ తెలుసుకోవాలి.

నిజమైన వాహనం లేకుండానే, దానిని నడుపుతున్న అనుభవం కలిగించే యంత్రాన్ని సిమ్యులేటర్ అంటారు. తెలుగులో అనుకరణ యంత్రం అనవచ్చు. ఇలాంటి యంత్రాలలో పేరు పొందిన తొలి యంత్రాన్ని అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ 1929 నాటికి తయారుచేశాడు. అతని తండ్రికి బింగ్‌హామ్టన్ పట్టణంలో ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్ కూడా మన హార్మోనియంలాగే గాలితో మోగుతుంది. దానిలోనూ తిత్తులు ఉంటాయి. లింక్‌కు విమానం నడపడం మీద మక్కువ. కాని ఆ రోజులలో ఆ శిక్షణకు చాలా డబ్బు ఖర్చయ్యేది. అందుచేత అతడు వాద్యాల తిత్తులనే తీసుకుని, ఒక చెక్కపెట్టెను వాటిపై నిలబెట్టాడు. లోపల కూర్చున్నవాడు మీట కదిపితే ఒక తిత్తిలోకి గాలి చేరుతుంది, మరొక తిత్తి ముడుచుకుంటుంది. పెట్టె విమానంలాగే ఒక పక్కకు ఒరుగుతుంది.

మొదట్లో దానిని ఎక్కువ మంది వినోద వస్తువుగానే చూశారు. 1934 ఫిబ్రవరిలో పరిస్థితి మారింది. తపాలా సంచులను విమానాలలో చేరవేసే పనిని అమెరికా ప్రభుత్వం సైన్యానికి అప్పగించింది. రాత్రివేళ, మంచులో, మబ్బుల్లో బయటి దారి కనిపించనప్పుడు పరికరాల ముళ్ళను మాత్రమే చూసి విమానం నడిపే అలవాటు చాలామంది సైనిక చోదకులకు లేదు. కొద్ది వారాలలోనే పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ సంవత్సరమే సైన్యం లింక్ యంత్రాలు ఆరింటిని కొన్నది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో లక్షలమంది చోదకులు ఆ పెట్టెలలో కూర్చుని శిక్షణ పొందారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ పెట్టెకు పైన మూత ఉండేది. మూత వేస్తే బయటి దృశ్యం ఏదీ కనిపించదు. ఆకాశం లేదు, నేల లేదు, బొమ్మ అసలే లేదు. అయినా అది చోదకులకు పనికివచ్చింది. ఎందుకంటే మబ్బులో చిక్కుకున్న చోదకునికి నిజంగా ఏ సంకేతాలు అందుతాయో, సరిగ్గా అవే ఆ పెట్టెలో అందేవి. అనుకరణ యంత్రానికి ఇదే మూలసూత్రం. చూడడానికి నిజంలాగా ఉండడం ముఖ్యం కాదు. పని చేసేవాడికి అందవలసిన కబురు, అందవలసిన వేళకు అందాలి.

అయితే కారు నడిపేవాడికి ఏ కబుర్లు అందుతాయి?

మొదటి కబురు చేతులకు అందుతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు తిన్నగా నిలబడాలని ప్రయత్నిస్తాయి. ఆ బలం స్టీరింగు చక్రం ద్వారా అరచేతులకు తెలుస్తుంది. మలుపు బిగిసేకొద్దీ స్టీరింగు బరువెక్కుతుంది. టైరు రోడ్డు మీద పట్టు కోల్పోబోయే ముందు ఆ బరువు తగ్గిపోతుంది. అనుభవం ఉన్న డ్రైవరు ఈ తేలికదనాన్ని వెంటనే పసికడతాడు. కారు జారుతున్నదని కంటికి తెలిసేలోపే వేగం తగ్గిస్తాడు. అందువల్ల మంచి సిమ్యులేటర్‌లో స్టీరింగు వెనుక ఒక విద్యుత్ మోటారు ఉంటుంది. టైరు మీద పడే బలాన్ని కంప్యూటరు లెక్కగట్టి, ఆ మోటారు ద్వారా చేతులకు అందిస్తుంది. మీటలు నొక్కే ఆటలో లేనిది ఇదే.

రెండవ కబురు కాళ్ళకు అందుతుంది. చవుకరకం ఆట పరికరంలో బ్రేకు ఎంత దూరం కిందికి దిగిందో కొలుస్తారు. నిజమైన కారులో పాదం బ్రేకును ఎంత బలంగా తొక్కింది అన్నదే ముఖ్యం. మనిషి కాలు దూరం కంటె బలాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది. అందుచేత మేలైన యంత్రాలలో బ్రేకు కింద బరువును కొలిచే పరికరాన్ని అమర్చుతారు. కూరగాయల దుకాణంలోని ఎలక్ట్రానిక్ తూకపు యంత్రంలో ఉండేది ఇలాంటి పరికరమే.

మూడవ కబురు శరీరమంతటికీ అందుతుంది. బస్సు హఠాత్తుగా ఆగితే నిలబడిన ప్రయాణికులు ముందుకు తూలుతారు. బయలుదేరితే వెనక్కు ఒరుగుతారు. కళ్ళు మూసుకున్నా ఈ మార్పు తెలుస్తుంది. చెవి లోపలి భాగంలో ఉండే చిన్న అవయవాలు వేగంలోని మార్పును, తల వంపును మెదడుకు చెబుతాయి. వెన్నుకు, తొడలకు తగిలే ఒత్తిడి కూడా అదే చెబుతుంది. గదిలో కూర్చున్నవాడికి దీనిని కలిగించడం ఎలా?

ఇక్కడ ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. కుర్చీని మెల్లగా వెనక్కు వంచితే, భూమి ఆకర్షణ వల్ల వీపు కుర్చీకి అదుముకుంటుంది. అదే సమయంలో తెర మీద రోడ్డు వేగంగా వెనక్కు పోతుంటే, కారు ముందుకు ఉరుకుతున్నదని మెదడు అనుకుంటుంది. ముందుకు వంచితే బ్రేకు వేసినట్లు అనిపిస్తుంది. ఇందుకోసం ఆరు కాళ్ళ వేదికను వాడుతారు. ఒక్కొక్క కాలు పొడవును పెంచుతూ, తగ్గిస్తూ వేదికను ఎటు కావాలంటే అటు వంచవచ్చు, జరపవచ్చు. ఈ ఆరు కాళ్ళ వేదికకు, కార్లకు పాత చుట్టరికమే ఉంది. 1950లలో ఇంగ్లండులోని డన్‌లప్ సంస్థలో ఎరిక్ గఫ్ అనే ఇంజనీరు టైర్లను పరీక్షించడానికి ఇలాంటి యంత్రాన్ని నిర్మించాడు. 1965లో స్టీవర్ట్ అనే మరో ఇంజనీరు విమానాల సిమ్యులేటర్ కోసం ఆరు కాళ్ళ వేదికను ప్రతిపాదించాడు.

ఈ ఉపాయానికి హద్దు ఉంది. ఎంత వంచినా భూమి ఆకర్షణను మించిన బలాన్ని కలిగించలేరు. ఫార్ములా వన్ పందెంలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు డ్రైవరు మీద భూమి ఆకర్షణకు నాలుగైదు రెట్ల బలం పడుతుంది. తల, హెల్మెట్టు కలిసి ఆరేడు కిలోలు ఉంటే, ఆ క్షణంలో మెడ ముప్పై కిలోలు మోస్తున్నట్లు అవుతుంది. గదిలోని వేదిక ఈ భారాన్ని గంటన్నరపాటు చూపించలేదు.

నాలుగవ కబురు కళ్ళది. బస్సుస్టాండులో పక్కనున్న బస్సు కదిలితే, తమ బస్సే కదిలిందని ప్రయాణికులు ఒక్కొక్కసారి భ్రమపడతారు. వేగాన్ని తెలుసుకోవడంలో కంటి పక్కచూపుకు అంత ప్రాధాన్యం ఉంది. అందుకే ఎదురుగా ఒక్క తెర పెట్టడం కంటె, మూడు వైపులా తెరలు పెడితే వేగం నిజమనిపిస్తుంది.

ఈ నాలుగు కబుర్లూ ఒకే వేళకు చేరాలి. గంటకు 180 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 50 మీటర్లు. స్టీరింగు తిప్పిన తరువాత తెర మీది బొమ్మ సెకనులో పదోవంతు ఆలస్యంగా కదిలిందనుకుందాం. అంతలోనే కారు 5 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది! ఆలస్యం ఉన్న యంత్రంలో నేర్చుకున్నవాడు తప్పుడు వేళకు స్టీరింగు తిప్పడం అలవాటు చేసుకుంటాడు. కన్ను ఒకటి, చెవి మరొకటి చెబితే కొందరికి తలతిప్పు, వాంతి కూడా వస్తాయి. అరకొర అనుకరణ కంటె అసలు కదలని కుర్చీయే కొన్నిసార్లు మేలు.

ఇంత శ్రమ ఎందుకు? పందెపు ట్రాకులు కొన్ని చోట్లనే ఉంటాయి. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి, కోయంబత్తూరు దగ్గర ఒకటి ఉన్నాయి. 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కోయంబత్తూరువాడే. ట్రాకుకు దూరంగా ఉన్నవారికి, కారుకు, టైర్లకు డబ్బు లేనివారికి సిమ్యులేటర్ ఒక దారి చూపుతుంది. పందెపు జట్లకు కూడా అది అవసరమే. 2009 నుంచి ఫార్ములా వన్‌లో పందేల కాలంలో ట్రాకు మీద సాధన చేయడాన్ని చాలావరకు నిషేధించారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. అలాంటి పందేలు చాలాసార్లు నగర వీధులలో జరుగుతాయి. ముందు రోజుల్లో ఆ వీధులలో బస్సులు, ఆటోలు తిరుగుతుంటాయి. కనుక ఫార్ములా-ఇ జట్లు కొత్త దారులను ముందుగా సిమ్యులేటర్‌లోనే నేర్చుకుంటాయి.

సిమ్యులేటర్‌లో నేర్చినది నిజమైన కారులో పనికివస్తుందా? దీనిని పరీక్షించే అవకాశం 2008లో వచ్చింది. నిస్సాన్ కార్ల సంస్థ, ప్లేస్టేషన్ ఆటలు తయారుచేసే సోనీ సంస్థ కలిసి ఒక పోటీ పెట్టాయి. తెర మీద కారు పందెం ఆడేవారిలో ఉత్తములను ఎన్నుకొని, నిజమైన పందెపు కార్లలో శిక్షణ ఇచ్చారు. మొదటి విజేత స్పెయిన్ దేశీయుడు లూకాస్ ఓర్డోనెజ్. అతడు 2011లో ఫ్రాన్సులోని ప్రసిద్ధమైన లె మాన్ 24 గంటల పందెంలో తన తరగతిలో రెండవ స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. 2011 విజేత, బ్రిటన్‌కు చెందిన యాన్ మార్డెన్‌బరో 2013లో అదే పందెంలో తన తరగతిలో మూడవ స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. దారి తెలియడం, మలుపులో ఎక్కడ బ్రేకు వేయాలో తెలియడం, చేతులు వేగంగా కదలడం—ఇవన్నీ తెర ముందే నేర్చుకోవచ్చునని వారు నిరూపించారు. కాని ఎండవేడికి, అలసటకు, మెడ మీది భారానికి, గుండెలోని భయానికి అలవాటుపడడానికి వారు నిజమైన కారు ఎక్కవలసివచ్చింది.

2015 మార్చి 28న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాకు మీద మార్డెన్‌బరో నడుపుతున్న కారు ఒక ఎత్తు దగ్గర గాలిలోకి లేచి, కంచె దాటి ప్రేక్షకుల వైపు పడింది. అతడు బతికాడు. ఒక ప్రేక్షకుడు మరణించాడు. తెర మీద అలాంటి ప్రమాదం జరిగితే ఆట మళ్ళీ మొదలవుతుంది. ట్రాకు మీద పోయిన ప్రాణం తిరిగిరాదు. ఏ మోటారూ, ఏ వేదికా అనుకరించలేనిది ఇదే.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. పందెపు డ్రైవర్లు కొద్దిమందే. లారీ, బస్సు, ఆటో నడిపేవారు లక్షలమంది. తడిసిన ఘాట్ రోడ్డు మీద బండి జారడం, బంతి వెంట పిల్లవాడు రోడ్డు మీదికి పరుగెత్తుకు రావడం వంటివి నేర్పడానికి నిజమైన ప్రమాదాన్ని సృష్టించలేరు. సిమ్యులేటర్‌లో అయితే వందసార్లు తప్పు చేసి, వందసార్లు దిద్దుకోవచ్చు. ఆ విధంగా అది గొప్ప గురువు. గోడకు గుద్దినా దెబ్బ తగలదనే ధీమా నేర్పితే మాత్రం అది చెడ్డ గురువు.

కనుక సిమ్యులేటర్‌ను నిజం చేసేవి రెండు. చేతులకు, కాళ్ళకు, చెవికి, కంటికి అందవలసిన కబుర్లను సరైన వేళకు అందించడం ఇంజనీరు పని. తెర మీది రోడ్డు పక్కన కూడా మనుషులు నిలబడి ఉన్నారనుకొని బ్రేకు వేయడం నేర్చుకునేవాడి పని. ఆ రెండవ పనిని ఏ యంత్రమూ మనిషికి బదులుగా చేయలేదు.

కొత్త పదాలు

అనుకరణ = ఒకదానిని చూసి అదేవిధంగా చేయడం
తిత్తి = గాలిని నింపి వదిలే తోలు లేక గుడ్డ సంచి
చోదకుడు = వాహనాన్ని నడిపేవాడు
పసికట్టు = ముందుగా గుర్తించు
ధీమా = నిబ్బరం, భరోసా

అభ్యాసం

1. లింక్ తయారుచేసిన పెట్టెలో బయటి దృశ్యం కనిపించకపోయినా అది ఎందుకు ఉపయోగపడింది?
2. టైరు పట్టు కోల్పోబోతున్నదని డ్రైవరు చేతులకు ఎలా తెలుస్తుంది?
3. కుర్చీని వెనక్కు వంచితే కారు ముందుకు ఉరికినట్లు ఎందుకు అనిపిస్తుంది? దీనికి హద్దు ఏమిటి?
4. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదోవంతు కాలంలో ఎన్ని మీటర్లు పోతుంది? లెక్కగట్టండి.
5. "సిమ్యులేటర్ గొప్ప గురువు, చెడ్డ గురువు కూడా." ఈ మాటలను మీ సొంత ఉదాహరణలతో పది వాక్యాలలో వివరించండి.
6. స్టీరింగు, బ్రేకు, టైరు, మలుపు, ఎత్తు—వీటికి మీ ఇంటి తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను ఏ మాటలు వాడతారో పెద్దలను అడిగి పట్టిక తయారుచేయండి.