ముగ్గురు కూడితే నేరమా?



వార్షికోత్సవ సంచికలో మా స్టడీ సర్కిల్ తరఫున ప్రతి ఏడాదీ ఒక పాఠం రాయడం ఆనవాయితీ. ఈసారి పౌరహక్కుల గురించి రాస్తున్నాం. ఆర్టికల్ 19 అంటే స్వేచ్ఛలు, 21 అంటే ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ, 32 అంటే హక్కుల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు అని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కానీ ఆ హక్కులు మనకు నచ్చని మనిషికి కూడా ఉంటాయా అని ఎవరైనా అడిగితే మాత్రం తడబడతాం. అందుకే మంచివాళ్ల ఉదాహరణ వదిలేసి, ఎవరికీ జాలి కలగని మనుషుల ఉదాహరణ తీసుకున్నాం. వాళ్లు ఆస్ట్రేలియాలోని మోటార్ సైకిల్ ముఠాలవాళ్లు. ఈ కథ అక్కడ మొదలై మన గది దాకా వస్తుంది. కాస్త ఓపికగా చదవండి.

1. ఎవరీ బైకీలు?

ఆస్ట్రేలియాలో మోటార్ సైకిల్ నడిపేవాళ్లకు ఎన్నో క్లబ్బులున్నాయి. వాటిలో చాలావరకు ఆదివారం కలిసి షికారు వెళ్లే మామూలు సంఘాలు. 40 ఏళ్లు దాటినవారి కోసం 1983లో పుట్టిన యులిసిస్ క్లబ్ అలాంటిదే. ఇవి కాక హెల్స్ ఏంజెల్స్, బాండిడోస్, కొమాంచెరో, ఫింక్స్ వంటి ముఠా క్లబ్బులు ఉన్నాయి. వీటి సభ్యులు జాకెట్ వెనుక తమ క్లబ్ గుర్తు కుట్టించుకుంటారు. వీళ్లనే అక్కడ 'బైకీలు' అంటారు. మాదకద్రవ్యాల వ్యాపారం, బెదిరించి డబ్బు వసూలు చేయడం వంటి నేరాలలో ఈ క్లబ్బుల సభ్యులు ఎందరో పట్టుబడ్డారు.

ప్రజల భయానికి కారణం లేకపోలేదు. 1984 సెప్టెంబరు 2న సిడ్నీ శివారు మిల్పెరాలో బాండిడోస్, కొమాంచెరో ముఠాలు తుపాకులతో తలపడ్డాయి. ఏడుగురు చనిపోయారు. వారిలో ఏ ముఠాతోనూ సంబంధం లేని 14 ఏళ్ల బాలిక కూడా ఉంది. 2009 మార్చి 22న సిడ్నీ విమానాశ్రయంలో ప్రయాణికుల కళ్లెదుటే ఒక మనిషిని కొట్టి చంపారు. 2013 సెప్టెంబరు 27న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని గోల్డ్ కోస్ట్‌లో, బ్రాడ్‌బీచ్ అనే చోట హోటళ్ల ముందు బాండిడోస్ గుంపు పెద్ద కొట్లాటకు దిగింది. తమవాళ్లను అరెస్టు చేశారని కొందరు పోలీస్ స్టేషన్ దగ్గరే గుమిగూడారు.

2. చట్టం ఏం చెప్పింది?

బ్రాడ్‌బీచ్ కొట్లాట జరిగి మూడు వారాలు తిరగకముందే, 2013 అక్టోబరులో, క్వీన్స్‌లాండ్ శాసనసభ కొత్త చట్టాలు చేసింది. అప్పటి ప్రీమియర్ కాంప్‌బెల్ న్యూమన్. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి వంటివాడు. ఈ చట్టాలలో ముఖ్యమైనదాన్ని పొడి అక్షరాలలో 'వ్లాడ్' అని పిలిచారు. ముఖ్యాంశాలు ఇవి.

అ) చట్టంలో పేర్కొన్న నేరాలలో ఏదైనా ఒకటి, సంఘంలో పాల్గొనే వ్యక్తి ఆ సంఘం కోసం చేస్తే, అసలు శిక్షకు అదనంగా 15 ఏళ్ల జైలు. అతడు సంఘంలో పదవిలో ఉంటే ఇంకో 10 ఏళ్లు. పరోల్ లేదు. జడ్జికి తగ్గించే అధికారం లేదు. పోలీసులకు పనికివచ్చే సమాచారం ఇచ్చి సహకరిస్తేనే సడలింపు.

ఆ) ప్రభుత్వం 26 క్లబ్బులను నేర సంస్థలుగా జాబితాలో పెట్టింది. వాటితో సంబంధం ఉన్నవాళ్లు ముగ్గురు బహిరంగ స్థలంలో కలిసి కనిపిస్తే అదే నేరం. కనీసం ఆరు నెలల జైలు.

ఇ) తమ సంఘం ఉద్దేశం నేరం చేయడం కాదని నిరూపించుకోవలసిన బరువు నిందితుడిదే. నేరాన్ని ప్రభుత్వమే రుజువు చేయాలని మనం చదువుకున్నాం. ఇక్కడ ఆ బరువులో కొంత అవతలి భుజానికి మారింది.

ఒక విషయం ప్రత్యేకంగా గమనించండి. వ్లాడ్ చట్టంలో 'సంఘం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో మోటార్ సైకిల్ ప్రస్తావనే లేదు. ముగ్గురు లేక అంతకు మించిన ఏ గుంపైనా, రిజిస్టరు అయినా కాకపోయినా, సంఘమే. ఆ లెక్కన మన క్రికెట్ జట్టూ సంఘమే, మా స్టడీ సర్కిలూ సంఘమే.

3. మోటార్ సైకిల్ వాళ్ల మధ్య వాదన

ఈ చట్టాలపై మోటార్ సైకిల్ నడిపేవాళ్లందరూ ఒక్కమాట మీద లేరు. రెండు వాదనలనూ మా సర్కిల్‌లో పెట్టుకుని చర్చించాం.

సమర్థించినవారి వాదన ఇది. ముఠాలవాళ్ల వల్ల బండి నడిపే ప్రతివాడికీ చెడ్డపేరు వస్తోంది. ముఠాకు భయపడి సాక్షులు నోరు విప్పరు కనుక మామూలు చట్టంతో వాళ్లను పట్టుకోవడం కష్టం. వాళ్ల బలమంతా గుంపులోనే ఉంది. గుంపును విడదీస్తేనే నేరం తగ్గుతుంది. తప్పు చేయనివాడికి భయమెందుకు?

వ్యతిరేకించినవారి వాదన ఇది. హత్యకు, బెదిరింపుకు, మత్తుమందుకు శిక్షలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ నేరం చేసినవాణ్ణి పట్టుకుని రుజువు చేసి శిక్షించండి, మేము అడ్డురాము. కానీ ఏమీ చేయకుండా ముగ్గురు మిత్రులు కలిసి కూర్చోవడం నేరమెలా అవుతుంది? పోలీసులు మామూలు బండివాళ్లను కూడా పదే పదే ఆపి సోదా చేస్తున్నారు. ఈరోజు జాబితాలో బైకీ ఉన్నాడు, రేపు ఎవరి పేరు ఎక్కుతుందో ఎవరు చెప్పగలరు?

చట్టం వచ్చిన కొద్ది రోజులకే, 2013 నవంబరులో, యాండినా అనే చిన్న ఊరి మద్యశాలలో కలిసి కూర్చున్న ఐదుగురిని అరెస్టు చేశారు. ఆ కేసు చివరికి కోర్టులో నిలబడలేదు. కానీ దానికోసం వాళ్లు జైలులో గడిపిన రోజులను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. భాగస్వామితో, అతని మిత్రులతో కలిసి కూర్చున్నందుకు ఒక గ్రంథాలయ ఉద్యోగిని కూడా కేసులో ఇరుక్కుంది.

4. కోర్టులు ఏమన్నాయి?

ఆస్ట్రేలియా రాజ్యాంగంలో మన మూడో భాగం వంటి ప్రాథమిక హక్కుల అధ్యాయం లేదు. అందువల్ల అక్కడివాళ్లు వేరే దారిలో పోరాడవలసి వచ్చింది. కోర్టులు స్వతంత్రంగా ఉండాలి అన్న సూత్రమే వాళ్ల ఆయుధం.

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2008లోనే ఒక చట్టం చేసింది. ప్రభుత్వం ఒక క్లబ్బును ప్రకటిస్తే, ఆ క్లబ్బు సభ్యుడని తేలినవాడిపై మేజిస్ట్రేటు ఆంక్షల ఉత్తర్వు ఇచ్చి తీరాలి. అతడు వ్యక్తిగతంగా ఏం చేశాడని చూడనక్కరలేదు. 2010 నవంబరులో ఆస్ట్రేలియా హైకోర్టు 6-1 తేడాతో ఆ సెక్షన్ చెల్లదని చెప్పింది. అక్కడ అత్యున్నత న్యాయస్థానాన్నే హైకోర్టు అంటారు. ప్రభుత్వం చేసిన నిర్ణయానికి కోర్టు రబ్బరు స్టాంపు కాకూడదన్నది ఆ తీర్పు సారం. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2009లో చేసిన చట్టాన్ని కూడా 2011లో కొట్టివేసింది. క్లబ్బును నేర సంస్థగా ప్రకటించే జడ్జి కారణాలు చెప్పనక్కరలేదని అందులో రాశారు. కారణం చెప్పని నిర్ణయం న్యాయం కాదని కోర్టు భావించింది.

అయితే ప్రతిసారీ గెలుపు రాలేదు. క్వీన్స్‌లాండ్ చట్టాలపై హెల్స్ ఏంజెల్స్ సభ్యుడొకరు వేసిన కేసులో 2014 నవంబరులో తీర్పు వచ్చింది. అతనిపై ఇంకా ఏ కేసూ లేదు కనుక వ్లాడ్‌ను ప్రశ్నించే అర్హత లేదన్నారు. ముగ్గురు కలవకూడదన్న నిబంధన వంటివి చెల్లుతాయన్నారు. చట్టం చెల్లడం వేరు, చట్టం న్యాయంగా ఉండడం వేరు. పరీక్షలో ఈ తేడా రాయగలిగితే మీకు పాఠం అర్థమైనట్టే.

5. చివరికి ఏమైంది?

2015 ఎన్నికల్లో న్యూమన్ ప్రభుత్వం ఓడిపోయింది. కొత్త ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి ఆధ్వర్యంలో ఒక బృందాన్ని వేసింది. 2016లో వ్లాడ్ రద్దయింది. దాని స్థానంలో వచ్చిన చట్టంలో, గతంలో తీవ్రమైన నేరానికి శిక్షపడిన వాళ్లతో పోలీసులు హెచ్చరించిన తరువాత కూడా పదే పదే కలిస్తేనే నేరం. క్లబ్ గుర్తులను బహిరంగంగా ధరించడాన్ని మాత్రం నిషేధించారు. అంటే వాదన పూర్తిగా ఎవరి వైపూ తెగలేదు.

ఇంకో సంగతి. న్యూ సౌత్ వేల్స్‌లోనూ నేరస్తులతో కలవడాన్ని నిషేధించే చట్టం 2012లో కొత్త రూపంలో వచ్చింది. బైకీల కోసమే అన్నారు. ఆ ఏడాది దాని కింద మొదట జైలుకు వెళ్లినది మాత్రం ఏ బైకీ ముఠాకూ చెందని 21 ఏళ్ల పల్లెటూరి యువకుడు. తరువాత అప్పీలులో ఆ శిక్ష రద్దయింది. ఆ చట్టాన్ని అక్కడి ఆదివాసులపై వారి జనాభా నిష్పత్తికి మించి ప్రయోగించారని 2016లో ఆ రాష్ట్ర అంబుడ్స్‌మన్ నివేదిక తేల్చింది. బలవంతుడి కోసం పన్నిన వల బలహీనుడి మీద పడింది.

6. మన నేల మీద ఇదే కథ

ఇది చదివి మనకేం సంబంధం అనుకోకండి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వంటి కులాలను 'నేరస్థ జాతులు'గా రాశారు. బైకీ కనీసం క్లబ్బులో తానే చేరాడు. వీళ్లు చేసిన 'నేరం' ఆ ఇంట్లో పుట్టడమే. వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే పాసు. పిలిచినప్పుడల్లా హాజరు. అలాంటివారి కోసం బాపట్ల దగ్గర స్టువర్టుపురం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్లతిప్ప వంటి సెటిల్‌మెంట్లు పెట్టారు. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ ఈ చట్టం పౌర స్వేచ్ఛనే కాదనేదని, ఏ జాతినీ నేరస్థ జాతి అనడానికి వీల్లేదని ఖండించారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది.

కాగితం మీది మాట పోయినా మనసులో మాట పోలేదు. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం, విముక్త జాతులవారిని అలవాటు పడ్డ నేరస్తులుగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది.

సభ్యత్వం ఒక్కటే నేరమవుతుందా అన్న ప్రశ్న మన దేశంలోనూ ఉంది. నిషేధిత సంస్థలో కేవలం సభ్యుడైనంత మాత్రాన నేరస్తుడు కాడని 2011లో సుప్రీంకోర్టు అన్నది. 2023 మార్చిలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరికాదని, సభ్యత్వం కూడా నేరమేనని చెప్పింది. పోటీ పరీక్షలు రాసేవారు ఈ రెండు తీర్పులనూ కలిపి చదవాలి.

7. మన గదిలో జరిగినది

ఇప్పుడు మా సంగతి. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు గదిలో ఒకడి చేతి గడియారం పోయింది. ఆ ఏడాదే చేరిన ఒక తమ్ముడు ఉండేవాడు. అతని ఊరు, కులం మాకు తెలుసు. ఇంకేమీ తెలియదు. పన్నెండు ట్రంకు పెట్టెలున్న గదిలో మేము అతని పెట్టె ఒక్కటే తెరిపించాం. అందులో రెండు జతల బట్టలు, నోటు పుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన జంతికల పొట్లం ఉన్నాయి. అతడు ఒక్క మాట అనలేదు. నాలుగో రోజు గడియారం దాని యజమాని పరుపు కిందే దొరికింది. అందరం నవ్వుకున్నాం. అతని దగ్గరకు వెళ్లి తప్పయింది అన్నవాడు ఒక్కడూ లేడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లిన ఆ తమ్ముడు మళ్లీ రాలేదు.

మేము శాసనసభ కాదు, పోలీసులం కాదు. అయినా ఆ రోజు మేము చేసినది ఆ చట్టాలు చేసినదే. ఏం చేశావు అని అడగలేదు. ఎవరివాడివి అని చూశాం. హాస్టల్లో రాత్రి అటెండెన్సు తీసుకుంటే, పిల్లలందరూ క్షేమంగా ఉన్నారా అని తెలుసుకోవడానికి. సెటిల్‌మెంటులో హాజరు తీసుకుంటే, దొంగతనానికి ఎవడు పోయాడో అని. పిలిచే పేర్లు అవే, పిలిచే చూపు వేరు. ఆ తమ్ముణ్ణి మేము రెండో చూపుతో చూశాం.

ఈ సంచిక ఎక్కడైనా అతని చేతికి చేరితే, పన్నెండు మంది తరఫున క్షమాపణ చెబుతున్నామని తెలుసుకోవాలి.

8. గుర్తుంచుకోవలసినవి

నేరం చేసిన చేతిని పట్టుకోవాలి కానీ పక్కనున్న భుజాన్ని కాదు. నేరం మోపినవారే రుజువు చేయాలి. శిక్ష వేసేవారు కారణం చెప్పాలి. ఈ మూడూ మనకు ఇష్టమైనవాడికే కాదు, మనం భయపడేవాడికీ వర్తించాలి. అప్పుడే అవి హక్కులు. లేకపోతే అవి ఇష్టమైనవాళ్లకు ఇచ్చే బహుమతులు.

అభ్యాస ప్రశ్నలు

1. చట్టం చెల్లడానికి, న్యాయంగా ఉండడానికి తేడా ఏమిటి? ఆస్ట్రేలియా ఉదాహరణతో రాయండి.

2. క్రిమినల్ ట్రైబ్స్ యాక్టుకు, 2013 నాటి క్వీన్స్‌లాండ్ చట్టాలకు పోలికలు, తేడాలు వివరించండి.

3. ముఠాల బెదిరింపుల వల్ల సాక్షులు ముందుకు రానప్పుడు, అమాయకులను ఇబ్బంది పెట్టకుండా ప్రభుత్వం ఏం చేయవచ్చు? గదిలో రెండు జట్లుగా చర్చించండి.

4. మీ గదిలో ఏదైనా వస్తువు పోతే ముందుగా ఎవరి పెట్టె తెరుస్తారు? ఎందుకు? దీనికి జవాబు కాగితం మీద రాయనక్కరలేదు.

ఇట్లు,
స్టడీ సర్కిల్ సభ్యులు