తుమున్నంత సంభాషణ క్రీడ: శక్, జ్ఞా ధాతువుల వివేకము

శక్, జ్ఞా మున్నగు ధాతువులు ఉపపదములుగా నున్నపుడు తుమున్ ప్రత్యయము వచ్చునని పాణిని 3.4.65వ సూత్రమున విధించెను. ఈ సూత్రము కంఠస్థమైన విద్యార్థి సైతము ‘నీకేమి వచ్చును?’ అని సంస్కృతమున అడిగినచో తడబడుట కలదు. లక్షణము తెలిసియు లక్ష్యము నోటికి రాకున్న ఆ చదువు సగమే. ఈ లోపమును తీర్చుట కొక క్రీడ ఉపకరించును.

విద్యార్థులు వలయముగా కూర్చుందురు. మొదటివాడు ‘అహం గాతుం జానామి’ అనును. రెండవవాడు ‘ఏషః గాతుం జానాతి, అహం పక్తుం జానామి’ అని కొనసాగించును. ఇట్లు ప్రతివాడును పూర్వులు చెప్పినవన్నియు చెప్పి తనది చేర్చవలెను. ఎవడైన ‘పచితుం’ అన్నచో తోటివారే సరిదిద్దుదురు. పఠ్ ధాతువు సేట్టనియు, పచ్ ధాతువు అనిట్టనియు అచ్చటనే స్మరణకు వచ్చును.

రెండవ ఆవృత్తిలో ఉపాధ్యాయుడు ఒక అవస్థను కల్పించును: గాయకుని గొంతు బొంగురుపోయినది. అప్పుడతడు ‘గాతుం జానామి, అద్య తు న శక్నోమి’ అనవలెను. తెలుగున ‘నాకు పాట వచ్చును, నేడు పాడలేను’ అనుటలో ఈ భేదమే కలదు. ‘వచ్చును’ అనునది నేర్చిన విద్యను, ‘కలను, లేను’ అనునవి సామర్థ్యమును తెలుపును. అంతటను శక్ ధాతువునే వాడుట దోషము కాకపోయినను ఈ భేదము మరుగుపడును.

సూత్రవ్యాఖ్యానము క్రీడానంతరమే జరుగుట మేలు. నోట నిలిచిన ప్రయోగమునకు లక్షణము చెప్పినచో ఛాత్రుడు దానిని మరువడు.