పాత సువేగ

ఆదోని పట్టణము ప్రత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి చెందినది. దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న యెమ్మిగనూరు చేనేతకు పేరెన్నికగన్నది. కర్నూలు జిల్లా పడమటి భాగముననున్న ఈ రెండు పట్టణములలోను, ఇతర పట్టణములందువలెనే, పాత ఇనుప సామానుల అంగళ్లు కలవు. తుప్పుపట్టిన సైకిళ్లు, విరిగిన పనిముట్లు, పనికిరాని మోటారు భాగములు అట్టి అంగళ్లలో కుప్పలుగా పడియుండును. ఆ కుప్పలలో చరిత్ర కలిగిన వస్తువు దాగియుండుటయు కలదు. దానిని గుర్తింపగల కన్ను లేనిచో అది తూకమునకు అమ్ముడుపోయి కొలిమిలో కరగిపోవును. అట్లు కరగిపోవుచున్న వస్తువులలో సువేగ యను చిన్న మోటారు బండి యొకటి.

సువేగ మోపెడు జాతికి చెందినది. మోపెడు అను మాట స్వీడను దేశమున పుట్టినది. మోటారు, పెడలు అను రెండు పదముల తొలి భాగములు కలిసి ఆ పేరేర్పడినది. సైకిలువలె త్రొక్కుటకు పెడళ్లును, మోటారు సైకిలువలె నడచుటకు చిన్న ఇంజనును ఉండుట దీని లక్షణము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, ఫ్రాన్సు దేశమున మోటోబెకాన్ అను సంస్థ 1949లో మోబిలెట్ అను మోపెడును వెలువరించినది. కొద్దిపాటి పెట్రోలుతో నడచు ఆ బండి సామాన్యుల ఆదరమును పొంది అనేక దేశములకు వ్యాపించినది. 1960వ దశకమున మోపెడ్సు ఇండియా లిమిటెడు అను సంస్థ ఆ ఫ్రెంచి సంస్థ సహకారముతో, తిరుపతి సమీపమున, అట్టి బండినే తయారుచేసి దానికి సువేగ యని పేరిడినది. మంచి వేగము కలది యని దాని యర్థము. నేడు అది తయారగుట లేదు. రాయలసీమలో పుట్టిన ఈ బండి రాయలసీమ రహదారులపైననే అరుదైపోయినది.

ఆదోనిలోని ఒక పాత సామానుల అంగడిలో పేరులేని చిన్నబండి యొకటి కనబడినదనుకొనుడు. పైన ఆకుపచ్చ రంగు పూయబడియున్నది. సీటు మరియొక బండిది. దీపము లేదు. చూచినవారిలో ఒకరు అది లూనా యందురు, వేరొకరు టి.వి.యస్. 50 యందురు, ఇంకొకరు విదేశపు బండి యందురు. ఇందేది నిజము? ఊహతో దీనిని తేల్చరాదు. సాక్ష్యములను సేకరించి తేల్చవలెను.

మొదటి సాక్ష్యము అంకెలు. బండి చట్రముపై ఒక సంఖ్యయు, ఇంజనుపై మరియొక సంఖ్యయు పోతపోసిగాని పొడిచిగాని యుండును. తుప్పును మెల్లగా తుడిచి వానిని చదువవలెను. గట్టిగా రాచినచో అంకెలే అరిగిపోవును. ఒక బండి ఇంజను మరియొక దానికి బిగింపబడి యుండవచ్చును గనుక రెండు సంఖ్యలను వేరువేరుగా పరీక్షించి, రిజిస్ట్రేషను పత్రము లభించినచో దానితో సరిపోల్చవలెను.

రెండవ సాక్ష్యము నిర్మాణము. మోబిలెట్ వంశపు బండ్లలో ఇంజను శక్తి మొదట బెల్టు ద్వారా ఒక పెద్ద కప్పీకి చేరి, అచ్చటినుండి గొలుసు ద్వారా వెనుక చక్రమునకు అందును. ఈ యమరికను ఇతర మోపెడుల యమరికతో పోల్చి చూడవలెను. మూడవ సాక్ష్యము కాలము. లూనా 1972లో పూనా నగరమునుండి వెలువడినది. టి.వి.యస్. 50 హోసూరునుండి 1980లో వెలువడినది. కావున బండి కొన్ననాటి రసీదు గాని పాత పత్రము గాని దొరకినచో అందలి సంవత్సరమే కొన్ని సందేహములను తీర్చగలదు. నాల్గవ సాక్ష్యము రంగు. పై పూత క్రింద, ముఖ్యముగా బిగింపుల చాటున, తొలినాటి రంగు మిగిలియుండుట కలదు. వీనిలో ఏ యొక్కటియు తనంతట చాలదు. అన్నియు ఒకే మాట చెప్పినప్పుడే నిర్ణయము చేయవలెను.

ఈ జాగ్రత్త యెంత యవసరమో ఇంగ్లండు దేశపు ఒక చిన్నబండి కథ తెలుపును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు సైన్యముకొరకు వెల్బైకు అను మడచు బండిని ఎక్సెల్సియర్ సంస్థ నిర్మించినది. దాని బరువు సుమారు 32 కిలోగ్రాములు. దానిని గొట్టమువంటి పెట్టెలో నిమిడ్చి పారాచూటుతో విమానమునుండి దింపెడివారు. అట్టివి 3,641 మాత్రమే తయారైనవి. యుద్ధానంతరము అదే నమూనాననుసరించి కార్గి అను బండి ప్రజలకు విక్రయింపబడినది. అవి 20,000కు పైగా తయారైనవి. రెండును చూపునకు దగ్గర పోలికలు కలవే. సైనికుల రంగు పూసినంతమాత్రమున కార్గి వెల్బైకు కానేరదు. ఇంజను, చట్రము, పెట్రోలు తొట్టి యెట్లున్నవో చూచియే తెలిసినవారు వానిని వేరుపరతురు.

బండి యేదో తేలిన పిదపనే మరమ్మతు. విప్పుటకు ముందు అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీయవలెను. ఒక్కొక్క భాగమును విప్పినప్పుడు దాని నట్లను, బోల్టులను వేరు సంచిలో నుంచి పేరు వ్రాయవలెను. పట్టుకొనిపోయిన ఇంజనును బలవంతముగా త్రిప్పరాదు. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రమున నూనె పోసి, కొన్ని దినములు ఓపికతో వేచియుండవలెను. తొందరపడినచో పిస్టను రింగులు విరుగును.

ఇట్టి బండ్ల ఇంజను రెండు స్ట్రోకులది. పెట్రోలులో కలిపిన నూనెయే లోపలి భాగములను రాపిడినుండి కాపాడును. ఆ నూనె కాలగా ఏర్పడిన మసి పొగగొట్టమును క్రమముగా మూసివేయును. చచ్చినదని విడిచిన ఇంజను ఆ మసిని తీసినంతనే ప్రాణము పోసికొనుట కలదు. మరియొక మర్మమున్నది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము మొదట ఇంజను అడుగు గదిలోనికి వచ్చి, అచ్చట ఒత్తబడి, పైకి పోవును. అచ్చటి సీలులు ఎండి పగిలినచో బయటి గాలి దూరి మిశ్రమము చెడును. అప్పుడు ఎంత త్రొక్కినను బండి కదలదు. కావున కారణము నెరిగి మరమ్మతు చేయవలెనేగాని దొరకిన భాగమునెల్ల మార్చరాదు. పెట్రోలు తొట్టిని శుభ్రపరచు పనిని పెద్దల సమక్షమున, నిప్పుకు దూరముగా, గాలి వచ్చు చోట చేయవలెను.

ఇక చిక్కైన ప్రశ్న యొకటి మిగులును. పోయిన భాగమునకు బదులేమి చేయవలెను? మగ్గముపై పడుగుపోగు తెగినప్పుడు నేతగాడు అదే నంబరు నూలును తెచ్చి అతుకును. మోటు దారము వేసినచో బట్ట యంతయు చెడునని యతడెరుగును. బండియు నట్టిదే. అసలు భాగము దొరకినచో మేలు. దొరకనిచో అదే కొలతతో క్రొత్తది చేయింపవచ్చును. కాని క్రొత్తదానిని పాతదని చెప్పరాదు. ఏ భాగము అసలుది, ఏది తరువాత వేసినది అని ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. మెరయు రంగు చూపరులను సంతోషపెట్టును. ఆ పుస్తకము రాబోవు తరములకు నిజము చెప్పును.

చట్టమును ఈ విషయమును గుర్తించినది. కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటి, అసలు రూపము చెడక, స్వంతమునకే వాడబడు ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు వింటేజి గుర్తింపు నొసగినది. అట్టి వాహనములను ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకొనుటకు రహదారిపై నడుపవచ్చును. నిత్యోపయోగమునకు గాని వ్యాపారమునకు గాని నడుపరాదు. ఇష్టము వచ్చినట్లు మార్చివేసిన బండికి ఈ గౌరవము దక్కదు.

కోటలు, శాసనములు మాత్రమే చరిత్ర యని తలచువారు పలువురు కలరు. కాని మన ప్రాంతపు కార్మికులు చేసిన యంత్రమును, దానిని విప్పి బిగింపనేర్చిన వృద్ధ మెకానిక్కు చేతినేర్పును చరిత్రలోనివే. బండి కరగినచో ఇనుము మరల దొరకును. ఆ నేర్పు పోయినచో అడిగి తెలిసికొనుటకు ఎవ్వరును మిగులరు. కావున పాత బండి కనబడినప్పుడు దాని వెల యెంతయని అడుగుటకు ముందు, అది యేది, ఎచ్చట పుట్టినది, దానిని ఎరిగినవారెవ్వరు అని విచారించుట విద్యార్థులకు తగిన పని.